సార్ తాగి వెళ్ళిన చాయ్

మా ఫిట్టర్ సార్ పోయారు. మొన్న శుక్రవారం తెల్లారి, వికారాబాద్‌లో, తన ఇంట్లోనే. ఈ కబురు నాకు తెచ్చింది మా బండల పాలిష్ యూనిట్‌లో గుమాస్తాగా ఉన్న ఖాజా. పార్సిల్ పని మీద తాండూరు స్టేషన్‌కు వెళ్ళినవాడు గంటలోనే తిరిగొచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సేఠ్, మీ సార్ పోయిండంట. పాసింజర్‌ల వచ్చినోళ్ళు చెప్పిన్రు."

"ఏ సార్?" అన్నాను.

నాకు సార్ ఒక్కరే. అది ఖాజాకూ తెలుసు. వాడు కిటికీ బయట, గోడకు ఆనించి ఉన్న బండ బెంచీ వైపు చూశాడు. నేనూ అటే చూశాను. ఆ బెంచీ సంగతి ఇన్నాళ్ళూ మా ఇద్దరికే తెలుసు.

ఆ సాయంత్రమే వికారాబాద్ నుంచి మా బడివాళ్ళు ఫోన్ చేశారు. సార్ జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. "మీరు సార్ చేతుల మీద పైకొచ్చినోళ్ళు. నాలుగు మంచి ముక్కలు రాసియ్యాలె," అన్నారు. రాస్తాను అని ఒప్పేసుకున్నాను. నాలుగేం ఖర్మ, సార్ గురించి నలభై మంచి ముక్కలు రాయగలను. కానీ ఒక్క చెడ్డ ముక్క ఉంది. అది సార్ గురించి కాదు, నా గురించి. అది రాయకుండా మిగతావి రాస్తే అన్నీ అబద్ధాలే అవుతాయి. చదివేవాళ్ళు ఏమనుకుంటే అది అనుకోనివ్వండి.

వికారాబాద్‌లో మా బడిని అందరూ వర్క్‌షాపు బడి అనేవాళ్ళు. పదో తరగతి పాసైనవాళ్ళకూ, నాలాగా ఈడ్చుకుంటూ గట్టెక్కినవాళ్ళకూ చేతిపని నేర్పే చోటు అది. యంత్రాల భాగాలను కొలతకు అరగదీసి, బిగించి, నడిపించే పని మా సార్ నేర్పేవారు. పొట్టి మనిషి. పాత ఖాకీ ప్యాంటు గుడ్డతో కుట్టించిన సంచి ఒకటి ఎప్పుడూ భుజాన ఉండేది. అందులో జొన్నరొట్టెల డబ్బా, ఒక పానా, నూనె గుడ్డలో చుట్టిన ఇనుప ముక్కలు. సార్ నడుస్తుంటే ఆ ముక్కల చప్పుడు ముందు వచ్చేది, తర్వాత సార్ వచ్చేవారు. బీడీలు దాచుకోవడానికి మాకు ఆ చప్పుడు బాగా పనికొచ్చేది.

నేను అరవై ఎనిమిదిలో చేరాను. ఆర్నెల్లలో పని కాస్త చేతికొచ్చిందో లేదో తెలంగాణ ఉద్యమం మొదలైంది. బడులు, కాలేజీలు అన్నీ మూతపడ్డాయి. నేను సంబరంగా పెద్దేముల్ దగ్గర మా ఊరికి పోయి కందిచేలో పడుకున్నాను. పది రోజులు గడిచాయో లేదో, మిట్టమధ్యాహ్నం ఎండలో మా చేను గట్టు మీద ఆ ముక్కల చప్పుడు వినిపించింది. లేచి చూద్దును గదా, సార్!

"ఏందిరా, మబ్బులు లెక్కపెడుతున్నవా?"

"బడి బంద్ గద సార్."

"బడి బందైతే చేతులు కూడ బందైతయారా? లే. తాండూరు పోదాం పా."

మా నాయనకు చెప్పి, నన్నూ ఇంకో ముగ్గురినీ అలా ఊళ్ళ నుంచి ఏరుకుని తాండూరు తీసుకుపోయారు. బడి మూతపడింది కాబట్టి యూనిట్లలోనే పని నేర్పించాలని ఆయన ఆలోచన. ఎవరూ చెప్పలేదు, ఏ పై ఆఫీసు నుంచీ కాగితం రాలేదు. తర్వాత్తర్వాత మా బడికీ, తాండూరు పాలిష్ యూనిట్లకూ, పప్పు మిల్లులకూ మధ్య ఏళ్ళ తరబడి సాగిన ఒప్పందాలన్నీ ఆ ఎండలోనే మొదలయ్యాయి. ఇప్పుడు వాటి గురించి సభల్లో గొప్పగా చెబుతారు. మొదలుపెట్టింది మాత్రం ఒక సంచి, ఒక మనిషి.

పని అడగడానికి సార్‌కు ఒక పద్ధతి ఉండేది. నోటితో అడిగేవారు కాదు. యజమాని బల్ల ముందు నిలబడి సంచిలోంచి నూనె గుడ్డ తీసి, మెల్లగా విప్పి, రెండు ఇనుప ముక్కలు బల్ల మీద పెట్టేవారు. ఒకటి నాలుగు పలకల దిమ్మ. రెండోది ఆ దిమ్మ దూరేలా గూడు ఉన్న పలక. రెండూ విద్యార్థి తన చేత్తో, ఉట్టి ఆకురాయితో అరగదీసి చేసినవే. దాన్ని మేం జాబ్ అనేవాళ్ళం. నా జాబ్ తీసుకుని మేం మొదట వెళ్ళిన సేఠ్ దాన్ని చూసి నవ్వాడు.

"మాస్టర్ సాబ్, మాది రాయి ధందా. మీరు ఇనుము తెచ్చిన్రు."

"రాయిని తిప్పేది ఇనుమే గద సేఠ్," అన్నారు సార్. దిమ్మను పలకలో దూర్చి వెలుగుకు ఎదురుగా పట్టుకున్నారు. "చూడున్రి. సందులకెల్లి వెలుతురు వస్తున్నదా?"

సేఠ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుతురు ఒక్క వైపు కూడా దూరలేదు.

"అరె! ఎవరిది ఈ చెయ్యి?"

సార్ నా వీపు మీద చెయ్యి వేసి నన్ను ముందుకు నెట్టారు. నా జీవితంలో నన్నెవరైనా ముందుకు నెట్టడం అదే మొదలు. అప్పటిదాకా అందరూ పక్కకు జరుగు అన్నవాళ్ళే.

చాయ్ తెప్పించమని సేఠ్ కేకేస్తే సార్ చెయ్యి అడ్డం పెట్టారు. "పిలగాడు రేపటి సంది వస్తడా, రాడా? గా మాట చెప్పున్రి. పనైనంక తాగుత." సేఠ్ రమ్మన్నాడు. అప్పుడు తాగారు. అది సార్ నియమం. పిల్లలకు చోటు ఒప్పుకోని చోట ఆయన చాయ్ తాగరు. ఒప్పుకోకపోతే దండం పెట్టి, గొంతెండిపోతున్నా సరే, పక్క యూనిట్‌కు నడిచేవారు. తాండూరులో యజమానులందరికీ ఈ నియమం తెలుసు. "మాస్టర్ చాయ్ తాగిండా?" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు.

పని దొరికింది గానీ పడుకునే చోటు లేదు. సార్ ఒక మసీదు కమిటీ పెద్దల దగ్గరికి వెళ్ళి వాళ్ళ ముసాఫిర్‌ఖానాలో, అంటే బాటసారుల సత్రంలో, ఒక గది అడిగారు. "ఉత్తగ ఉండరు సాబ్. నీళ్ళ కుళాయిలు, పంపు, తలుపు గొళ్ళాలు, ఏది చెడిపోయినా మా పోరగాళ్ళు చేస్తరు." గడ్డం నెరిసిన ఒక పెద్దాయన, మీ పిల్లలు మా పిల్లలే మాస్టర్ సాబ్ అని ఉర్దూలో చెప్పి తాళంచెవి ఇచ్చాడు. నలుగురం అక్కడే ఉన్నాం. ప్రతి గురువారం సాయంత్రం, మర్నాటి నమాజుకు వచ్చేవాళ్ళు కాళ్ళు చేతులు కడుక్కునే చోట కారుతున్న కుళాయిలన్నీ బాగుచేసేవాళ్ళం. మా తర్వాత వచ్చిన ప్రతి జట్టూ అదే చేసింది.

సార్ వారానికోసారి పాసింజర్‌లో వచ్చి మా పని చూసేవారు. యంత్రాన్ని పలకరించినట్టు దాని మీద అరచెయ్యి పెట్టడం ఆయన అలవాటు. ఎంతసేపు నడిచింది, ఎప్పుడు ఆగింది, ఎక్కడ అరుగుతోంది, అన్నీ ఆ చేతికి తెలిసిపోయేవి. ఒకసారి నేను పని ఎగ్గొట్టి మ్యాట్నీకి పోయి, సార్ వచ్చే వేళకు దొంగలాగా తిరిగొచ్చి యంత్రం దగ్గర నిలబడ్డాను.

"ఏం చేస్తున్నవ్?"

"పొద్దుగాల్నుంచి గిదే నడిపిస్తున్న సార్. ఇప్పుడే ఆపిన."

సార్ మోటారు మీద అరచెయ్యి పెట్టారు. అది బండలాగా చల్లగా ఉంది. తిడతారనుకున్నాను, సేఠ్‌కు చెబుతారనుకున్నాను. సార్ చెయ్యి తీసి, ప్యాంటుకు తుడుచుకుని, డబ్బా విప్పి సగం రొట్టె నా చేతిలో పెట్టారు.

"మనిషి అబద్ధం చెప్తడురా. వేడి చెప్పదు. తిను."

అంతే. ఆ రొట్టె మింగలేక నేను పడ్డ అవస్థ నాకే తెలుసు. ఆ రోజు వచ్చిన సిగ్గు నా జన్మకంతా సరిపోతుందనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి!

ఇక్కడిదాకా రాయడం సులువే. ఇప్పుడు అసలుది చెప్పాలి.

ఆ సేఠ్ దగ్గర పదేళ్ళు పనిచేశాను. తర్వాత చిన్న షెడ్డు, రెండు యంత్రాలతో సొంత యూనిట్ పెట్టుకున్నాను. ప్రారంభం రోజున సార్ వచ్చారు. మోటార్ల మీద ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి, "బాగున్నయిరా," అన్నారు. చాయ్ ఇస్తే తాగలేదు. "నీ కాడికి పిలగాండ్లను తోల్కొస్త గద, అప్పుడు తాగుత," అన్నారు. తోలుకొచ్చారు కూడా. మొదట్లో తీసుకున్నాను. నాలుగు డబ్బులు కూడాక, స్కూటర్ కొన్నాక, బొంబాయి నుంచి కొనేవాళ్ళు రావడం మొదలయ్యాక, నా దగ్గర చోటు తగ్గుతూ వచ్చింది. యంత్రాలు పెరుగుతుంటే చోటు ఎలా తగ్గిందని మీరు అడగొచ్చు. నన్ను నేను అడుక్కోలేదు.

ఆరేళ్ళ కిందట ఒక మాట తాండూరంతా పాకింది. మాస్టర్ ఈసారి ఒక ఆడపిల్ల జాబ్ పట్టుకుని తిరుగుతున్నాడట. పెద్దేముల్ పిల్ల, పేరు బాలమణి. తండ్రి బండల గనిలో కూలీ. మా బడిలో ఫిట్టర్ పని నేర్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమె. సార్‌కు ఆ ఎండాకాలమే రిటైర్‌మెంటు, అంటే ఆఖరి విద్యార్థి కూడా ఆమే. బడి ఇచ్చే సర్టిఫికెట్‌తో పాటు ఆరునెలలు పనిచేసినట్టు ఏదైనా యూనిట్ యజమాని చీటీ రాసిస్తే తప్ప పెద్ద ఫ్యాక్టరీల్లో ఎవరినీ గేటు లోపలికి రానివ్వరు. కరణ్‌కోట వైపు సిమెంట్ ఫ్యాక్టరీ పని నడుస్తోంది, ఫిట్టర్లను తీసుకుంటారని అందరూ ఆశగా ఉన్నారు. ఆ చీటీ లేకపోతే బాలమణి నేర్చుకున్నదంతా వృథా. సార్ ఒక్కొక్క యూనిట్‌కూ పోతున్నారు, ఒక్కొక్కరూ కాదంటున్నారు. ఒక్క చోట కూడా చాయ్ తాగలేదు.

"ఇగ నీ కాడికే వస్తడు సూడు," అని పక్క యూనిట్ ఆసామి పకపకా నవ్వాడు. "గురువు మాట కాదంటవా? పో, రేపటి సంది బండల మధ్యల గాజుల సప్పుడు!"

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సార్ మర్నాడే వచ్చారు. బొంబాయి నుంచి వచ్చిన ఇద్దరు నా గదిలో కూర్చుని ఉన్నారు. కిటికీలోంచి ఆ ఖాకీ సంచి కనబడగానే నాకు చెమట పట్టింది. ఆయన లోపలికి వస్తారు, నన్ను 'ఏరా' అంటారు, ముసాఫిర్‌ఖానా సంగతి ఎత్తుతారు, ఆ పిల్ల ముక్కలు ఈ పెద్దమనుషుల ముందు బల్ల మీద పరుస్తారు. తీసుకుంటే ఊరంతా నవ్వుతుంది. కాదంటే ఆయన మొహంలోకి చూస్తూ అనాలి. రెండూ చేతకాలేదు. ఖాజాను పిలిచి గొంతు తగ్గించి చెప్పాను. "సేఠ్ ఊర్ల లేడని చెప్పు. బొంబాయి పోయిండు, ఎప్పుడొస్తడో ఎరికలేదని చెప్పు."

పని ఒత్తిడి అనీ, వచ్చినవాళ్ళ ముందు బాగుండదనీ చెప్పుకోవచ్చు. ఆరేళ్ళుగా చెప్పుకున్నాను కూడా. అవేవీ కాదు. భయం, గొప్పలకు పోవడం, అంతే.

ఖాజా బయటికి వెళ్ళి చెప్పాడు. సార్ తల ఊపారు. నా స్కూటర్ గుమ్మం పక్కనే ఉంది. నేను వచ్చి పావుగంట కూడా కాలేదు. నేను కిటికీ చాటునుంచి చూస్తూనే ఉన్నాను. సార్ రెండడుగులు వేసి, వంగి, స్కూటర్ ఇంజను మీద అరచెయ్యి పెట్టారు.

అలాగే పెట్టి ఉంచారు. తర్వాత చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నారు. కిటికీ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన జాగ్రత్త పడ్డారని నాకు అర్థమైంది.

అప్పుడన్నా బయటికి పరుగెత్తి కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను.

సార్ బండ బెంచీ మీద కూర్చున్నారు. పాపం ఖాజాకు ఏం చేయాలో తోచక, నియమం తెలిసి కూడా, చాయ్ తెచ్చి ఇచ్చాడు. సార్ గ్లాసు తీసుకున్నారు. బండలు కోసిన బురద నీళ్ళు కాళ్ళ కిందికి వస్తుంటే కాళ్ళు పైకి పెట్టుకుని మెల్లగా, చివరిదాకా తాగారు. తర్వాత నూనె గుడ్డ చుట్ట ఒకటి సంచిలోంచి తీసి ఖాజాకు ఇచ్చి స్టేషన్ వైపు నడిచారు.

పెద్దమనుషులు వెళ్ళిపోయాక ఖాజాను పిలిచి అడిగాను. "సార్ కోపం చేసిండా?"

"లేదు సేఠ్. చాయ్ తాగిండు గద."

నాకు ప్రాణం లేచొచ్చింది. చాయ్ తాగారంటే మనసులో ఏమీ పెట్టుకోలేదన్నమాట అనుకున్నాను. ఖాజా ఇంకా నిలబడే ఉన్నాడు.

"నేనే అడిగిన సేఠ్, తాగుతున్నరేంది సార్ అని. 'తాండూరు మొత్తానికి ఎరికే ఖాజా, నేను తాగకుంట పోయిన్నంటె మా పిలగాడు నన్ను కాదన్నడని అందరికి తెలుస్తది. వాని ఇజ్జత్ పోవద్దు' అన్నడు." ఇంత చెప్పి ఆ చుట్ట నా బల్ల మీద పెట్టాడు. "ఇది మీకియ్యమన్నడు. చూస్తె ఎరికైతది అన్నడు."

నేను చూడలేదు. గుడ్డ విప్పి, వెలుగుకు పట్టి చూసే ధైర్యం లేక, అలాగే బల్ల మీద ఉంచేశాను. రోజులు గడిచాక కాగితాలు ఎగరకుండా దాన్నే బరువు పెట్టుకున్నాను. అవును, ఆరేళ్ళు. సార్ ఆ తర్వాత రెండు మూడు పెళ్ళిళ్ళలో కనిపించారు. "బాగున్నవారా?" అని అడిగేవారు. బొంబాయి ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

మొన్న ఖాజా కబురు చెప్పి వెళ్ళాక ఆ చుట్ట విప్పాను. ఇనుము మీద ఒక్క తుప్పు మచ్చ లేదు. నేను లేనప్పుడు ఖాజా నూనె గుడ్డ మారుస్తూ వచ్చాడట. దిమ్మను గూట్లో దూర్చి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. వెలుతురు ఎక్కడా దూరలేదు. నా జాబ్ కంటే మంచి చెయ్యి. ఎంతో మంచి చెయ్యి.

దాన్ని జేబులో వేసుకుని మర్నాడు స్కూటర్ మీద వికారాబాద్ పోయాను. దారిలో ఎక్కడా ఆగలేదు. ఆగితే వెనక్కి తిరిగిపోతానని భయం. సమాధుల తోటలో మా బడి పిల్లలు, పాత విద్యార్థులు, తాండూరు యజమానులు కొందరు, మసీదు కమిటీ నుంచి ఇద్దరు ఉన్నారు. నేను చేరేసరికి సార్ చర్చి ఫాదర్ ప్రార్థన ముగిస్తున్నారు. అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేసి, ఎవరితో మాట్లాడకుండా గేటు దగ్గరికి వచ్చేశాను.

నా స్కూటర్ పక్కన ఒకామె నిలబడి ఉంది. ముప్పై లోపే ఉంటుంది. చీర మీద కందిపప్పు దుమ్ము. పని మధ్యలోంచి వచ్చినట్టుంది.

"నమస్తే సార్. మీరు తాండూరు సేఠ్ గద? మా సార్ మీ గురించి మస్తు చెప్పేటోడు. మీ జాబ్ లెక్క చెయ్యాలె బిడ్డా అనేటోడు. నేను బాలమణిని, పెద్దేముల్."

ఏం చేస్తున్నావని మాత్రం అడగగలిగాను. పప్పు మిల్లులో రోజు కూలీకి పప్పు ఏరుతుందట. ఊళ్ళో చేతిపంపులు చెడిపోతే సార్ ఇచ్చిన పానాలతో తనే బాగుచేస్తుందట. "కరణ్‌కోటకు రెండుసార్లు పోయిన సార్. చీటీ లేదని గేటు కాడికెల్లే మళ్ళగొట్టిన్రు," అని నవ్వింది. ఎవరి మీదా కోపం లేదు ఆ నవ్వులో. "ఏం చేస్తం, నా నసీబ్. సార్ నా కోసం మీ కాడికి కూడ వచ్చిండు. ఆ దినం మీరు ఊర్ల లేకుంటిరంట. ఊర్ల ఉంటె పక్కా తీసుకుంటుండె బిడ్డా, వాడు గసొంటోడు కాదు అని మొన్న మొన్నటిదాంక చెప్తుండె."

ఇలా అంటూనే ఆమె వంగి, ఏదో అలవాటు కొద్దీ, నా స్కూటర్ ఇంజను మీద అరచెయ్యి పెట్టింది.

"అబ్బ, మస్తు కాలింది సార్! యాడ ఆపకుంట వచ్చినట్టున్నరు. జర సల్లారనిచ్చి పోన్రి."

నేను జేబులోంచి ఆ జాబ్ తీసి ఆమె ముందు పట్టుకున్నాను.

"నేను ఆ దినం ఊర్లనే ఉన్న బిడ్డా."

బాలమణి ఆ ముక్క వైపు చూసింది. తన చేతి పనిని గుర్తుపట్టింది. తర్వాత నా వైపు చూసింది. ఆమె అరచెయ్యి మాత్రం ఇంజను మీదే ఉంది, ఆ వేడికి కూడా తీయలేదు.